బడి మాఱిన బాలిక: కళాశాలకు జెప్పవలసిన మాట



మన యింటి యాడపిల్ల యింటరు ముగించి, పైచదువునకు దరఖాస్తు పెట్టుకొను దినమున తల్లికి సంతోషముతోపాటు ఒక బెదరును గలుగుచుండును. దరఖాస్తులో "ఇంతకుముందు చదివిన విద్యాలయములు" అను గడి యొకటి యుండును. మొదటినుండి తుదివఱకు ఒక్కచోట జదివిన బాలికకు ఆ గడి రెండు పంక్తులతో నిండిపోవును. మూడు నాలుగు బడులు మాఱిన బాలికకు మాత్ర మచ్చట కలము నిలిచిపోవును. "ఇన్ని బడు లేల మాఱినదని యడుగుదురేమో! పిల్లయం దేదో కొఱత యున్నదని తలంతురేమో!" యని తల్లి శంకించును. ఈ శంకచేత ఒక బడి పేరు వదలివేయువారు కలరు. తేదీలు సర్ది వ్రాయువారును గలరు. బడి మాఱుటవలన గలుగని కీడు ఈ దాపరికమువలన గలుగుచున్నది. కావున బడి మాఱిన సంగతిని కళాశాలకు ఎట్లు చెప్పవలయునో, చెప్పుటకు ముందు ఇంట నేమి సిద్ధపఱచుకొనవలయునో కొంచెము విచారింతము.

మన వైపున బడులు మాఱుటకు గారణములు

హుస్నాబాదు వంటి మెట్ట ప్రాంతములలో బడి మాఱుట వింతగాదు. కరీంనగరు వైపునుండి నేతపనివారు భివండికి, సూరతుకు, షోలాపురమునకు పోవుట తరతరములుగా నున్నదే. దుబాయికి, మస్కటుకు బోయిన తండ్రి తిరిగి వచ్చువఱకు తల్లి పిల్లలతో పుట్టినింట నుండుటయు గలదు. ఊరిబడిలో పైతరగతులు లేక మండల కేంద్రమునకు బోవు పిల్లలు కొందఱు. గురుకులమునందో కస్తూరిబా విద్యాలయమునందో స్థానము దొరకి వసతిగృహమునకు జేరు పిల్లలు కొందఱు. ఇంటరు చదువునకై కరీంనగరునకో, హనుమకొండకో, హైదరాబాదునకో పోవు పిల్లలు మఱికొందఱు. వీనిలో నేదియు సిగ్గుపడవలసినది కాదు.

కాళ్లు కదపకయే చిరునామా మాఱినవారును మనలో నున్నారు. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలను పునర్విభజించినప్పుడు హుస్నాబాదు, కోహెడ మండలములు కరీంనగరు జిల్లానుండి సిద్దిపేట జిల్లాకు బోయినవి. చిగురుమామిడి, సైదాపూరు మండలములు కరీంనగరులోనే నిలిచినవి. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి మండలములు నాటి వరంగల్ అర్బను జిల్లాలో జేరినవి. దానికే 2021లో హనుమకొండ జిల్లా యని పేరు వచ్చినది. కావున హుస్నాబాదులో నొకేబడిలో జదివిన బాలికకు 2015లో నిచ్చిన పత్రముపై కరీంనగరు జిల్లా యనియు, 2017లో నిచ్చిన దానిపై సిద్దిపేట జిల్లా యనియు నుండును. దూరప్రాంతపు కళాశాలలో నీ పత్రములను జూచువారు ఇవి రెండు వేర్వేఱు ఊళ్లని భ్రమపడవచ్చును. "ఊరును బడియు నొక్కటే, 2016లో జిల్లా మాత్రము మాఱినది" అని ఒక్క వాక్యము వ్రాసిన చాలును.

ఈ జిల్లా గీత యుద్యోగములవద్దను అడ్డువచ్చును. 2018 నాటి రాష్ట్రపతి యుత్తర్వు ననుసరించి తెలంగాణ ప్రభుత్వోద్యోగములకు ఒకటినుండి యేడవ తరగతివఱకు నెచ్చట నెక్కువకాలము చదివిరో యచ్చటివారినిగా నెంతురు. సిద్దిపేట, కరీంనగరు జిల్లాలు రెండును రాజన్న జోనులో నున్నవి. హనుమకొండ భద్రాద్రి జోనులో నున్నది. హుస్నాబాదులో గాపుర ముండియు, పక్కనున్న భీమదేవరపల్లి మండలములో అమ్మమ్మగారి యింట ప్రాథమిక విద్య జరిగిన బాలిక యుద్యోగపు లెక్కలో వేఱు జిల్లాకు, వేఱు జోనునకు జెందును. చిన్నతరగతుల పత్రములే గదా యని పాఱవేయరాదనుట కిది యొక నిదర్శనము.

వంగర విద్యార్థి, నారాయణగూడ బాలికలు

బడి మాఱినవారికి బాగుపడు దారి లేదనుకొను తల్లులు పొరుగు గ్రామమువైపు చూతురుగాక. హుస్నాబాదు శాసనసభా నియోజకవర్గములోని వంగర గ్రామము పాములపర్తి వేంకట నరసింహారావు గారిది. 1921లో లక్నేపల్లిలో జన్మించి, బాల్యముననే వంగరకు దత్తుడై వచ్చిన యాయన, ప్రాథమిక విద్యలో గొంత భాగము బంధువుల యింటనుండి కట్కూరులో జదివెను. పిమ్మట హనుమకొండకు జేరెను. 1938లో నిజాము రాజ్యమున విద్యార్థుల వందేమాతరోద్యమము రేగినప్పుడు అందు పాల్గొన్నందులకు ఆయనను కళాశాలనుండి తొలగించిరి. అట్లు తొలగింపబడిన హైదరాబాదు రాజ్యపు విద్యార్థులను నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొనెను. నరసింహారావు గారును నాగపూరు చేరి చదువు సాగించి, పుణెలోని ఫెర్గుసన్ కళాశాలలోను, మఱల న్యాయశాస్త్రమునకై నాగపూరులోను విద్య ముగించెను. ఇన్ని చోట్ల జదివిన యాయన 1991 నుండి 1996 వఱకు భారత ప్రధానమంత్రిగా నుండెను. 2024లో ఆయనకు మరణానంతరము భారతరత్న బిరుదము లభించినది.

మామూలు దృష్టికి, కళాశాలనుండి తొలగింపబడుటకంటె పెద్దమచ్చ విద్యార్థికి మఱియేమున్నది? అయినను కారణము తెలిసినచోట నది మచ్చగా నిలువలేదు. నాగపూరువారు వారిని చేర్చుకొన్నది తొలగింపు సంగతి తెలిసియే గాని తెలియక కాదు.

స్త్రీవిద్య చరిత్రలోను ఇట్టి యుదాహరణము గలదు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు హైదరాబాదున ఆంధ్ర బాలికలకై యున్నత పాఠశాలను నెలకొల్పిరి. నారాయణగూడలోని యా పాఠశాలలో బోధన తెలుగున జరిగెడిది. నాడు ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూ. అందుచేత తెలుగున జదివిన యీ బాలికలు మహర్షి కార్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు గూర్చుండవలసివచ్చెను. చదువు హైదరాబాదులో, పరీక్ష పరరాష్ట్రపు విద్యాపీఠమునకు! ఆ బాలికలు తరువాత నెచ్చటికి బోయినను "మీ రేబడి? ఏపరీక్ష?" యను ప్రశ్నకు బదులు చెప్పవలసినవారే. ఈనాడు మనపిల్ల చెప్పవలసినది దానికంటె గష్టమైనది కాదు.

ద్వారములు రెండు విధములు

ఇక ముఖ్యమైన సంగతి. పైచదువుల ద్వారములు రెండువిధములుగా నున్నవి. ఒకటి లెక్క చూచునది. మఱియొకటి మాట వినునది. మొదటిదానివద్ద ఎంత చక్కగా విన్నవించుకొన్నను ప్రయోజనము లేదు, పత్రములు కావలయును. రెండవదానివద్ద పత్రములతోపాటు మాటయు గావలయును. ఏ ద్వారమువద్ద నేది చూపవలయునో యెఱుగక మన పిల్లలు నష్టపడుచున్నారు.

మన రాష్ట్రమున ఇంజనీరింగు, వైద్యము మున్నగు విద్యలకు జరుగు కౌన్సెలింగు మొదటి విధమైనది. 1974 నాటి రాష్ట్రపతి యుత్తర్వునుబట్టి నూటికి 85 స్థానములు స్థానికులకు గేటాయింపబడినవి. అర్హత పరీక్ష వ్రాసిన యేటితో ముగియునట్లు వరుసగా నాలుగు విద్యాసంవత్సరములు ఆ ప్రాంతపు విద్యాలయములలో జదివినవారు స్థానికులు. అనగా 2026 మార్చిలో ఇంటరు పరీక్ష వ్రాసిన బాలికకు 2022 జూనులో ప్రారంభమైన తొమ్మిదవ తరగతి మొదలు నాలుగేండ్లు లెక్కకు వచ్చును. తొమ్మిది, పది, ఇంటరు రెండేండ్లు: ఈ నాలుగింటిలో నే యొక్కటి రాష్ట్రము వెలుపల జదివినను వరుస తెగును.

ఇందొక యూరటయు, నొక హెచ్చరికయు గలవు. ఈ లెక్కలో తెలంగాణ యంతయు నొకటే ప్రాంతము. హుస్నాబాదునుండి కరీంనగరునకు బోయినను, హైదరాబాదునకు బోయినను స్థానికతకు భంగము లేదు. ఇది ఊరట. ఇంటరు చదువు బాగుండునని విజయవాడకో, గుంటూరుకో, రాజస్థానములోని కోటకో పంపినచో వరుస తెగును. ఇది హెచ్చరిక.

వైద్యవిద్య విషయమున దీనిపై పెద్ద వ్యాజ్యమే నడచినది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము, వరుసగా నాలుగేండ్లు రాష్ట్రములో జదివి అర్హత పరీక్షయు రాష్ట్రములోనే యుత్తీర్ణులైనవారే స్థానికులని నియమము చేసెను. రాష్ట్రమున స్థిరనివాసులైనవారికి ఈ నియమము వర్తింపదని 2024 సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానము చెప్పెను. దానిని 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీముకోర్టు త్రోసిపుచ్చి, ప్రభుత్వ నియమమునే నిలిపెను. ఈ రాష్ట్రములో బుట్టి, ఇచ్చటనే తలిదండ్రులు గల బిడ్డలును కేవల మింటరు రెండేండ్లు పరరాష్ట్రమున జదివినందున న్యాయస్థానముల చుట్టు తిరుగవలసివచ్చినదన్నచో, తొమ్మిదవ తరగతి తరువాత బడి మార్చునప్పు డెంత యాలోచింపవలయునో మీరే తెలిసికొనుడు.

అఖిలభారతపు చదువులలోను ఇట్టి లెక్క గలదు. వరంగల్లులోని దానివంటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో సగము స్థానములు సొంతరాష్ట్రమువారికి నిత్తురు. అచ్చట సొంతరాష్ట్ర మనగా పుట్టినది గాని, తలిదండ్రు లున్నది గాని కాదు. పండ్రెండవ తరగతి యే రాష్ట్రమున నుత్తీర్ణురాలైనదో యా రాష్ట్రము.

వరుస తెగినంతమాత్రమున ద్వారము పూర్తిగా మూసిపోయినదని నిరాశపడరాదు. ఇంజనీరింగు వంటి విద్యలలో మిగిలిన 15 స్థానములకు 2025లో ప్రభుత్వము చేసిన నియమము ప్రకారము, తల్లి గాని తండ్రి గాని మొత్తముమీద పదియేండ్లు రాష్ట్రములో నివసించినచో ఆ బిడ్డ యర్హురాలగును. భివండిలో జదివి వచ్చిన బాలికకు ఈ దారి యున్నది. అప్పుడు బడి పత్రముతోపాటు తలిదండ్రుల నివాస ధ్రువపత్రము ముఖ్యమగును. నియమములు మాఱుచుండును గనుక ఆయా యేటి ప్రకటనను పూర్తిగా జదివిన పిమ్మటనే దరఖాస్తు నింపవలయును.

టీసీయందు జూడవలసినవి

టీసీ యని యందఱు పిలుచు బదిలీ పత్రము చేతికి వచ్చినదే తడవుగా మడిచి పెట్టెలో బెట్టుట మన యలవాటు. అట్లు చేయక, బడి గుమ్మము దాటకముందే చదువవలయును. బిడ్డపేరు, తలిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ, చేరిన తేదీ, విడిచిన తేదీ, విడిచినపుడు చదువుచున్న తరగతి, పై తరగతికి అర్హురాలగునా కాదా, విడుచుటకు గారణము, నడవడి, పుట్టుమచ్చలు అం దుండును. వీనిలో పేరు, తేదీ యక్షరమక్షరము సరిపోవలయును. ఒక పత్రమున ఇంటిపేరు పూర్తిగాను, ఇంకొకదానిలో పొడియక్షరముగాను ఉన్నచో ఆనాడే సరిచేయించుకొనుట సులభము. ఆఱేండ్ల తరువాత, ప్రధానోపాధ్యాయుడు మాఱి, రిజిస్టరు చెదలుపట్టిన పిమ్మట కష్టము. పదవ తరగతి మెమోలో బడిన పేరును పుట్టినతేదీయు జీవితాంతము వెంట వచ్చును. పెండ్లియైన పిమ్మట ఆధారు కార్డులో ఇంటిపేరు మార్పించుకొని, కళాశాల దరఖాస్తులో మెమోలోని పేరు వ్రాసి చిక్కులు పడుచున్న బాలికలు కలరు. చదువు సాగినన్నాళ్లు మెమోలోని పేరునే యన్నిట నుంచుట మేలు.

ఒకబడి విడిచిన తేదీకిని మఱియొక బడి చేరిన తేదీకిని నడుమ నెలలు గడచినచో ఆ యెడమును గుఱుతుంచుకొనవలయును. జబ్బు చేసినచో వైద్యుని చీటియు, వలస పోయినచో అచ్చటి బడి కాగితమును దాచవలయును. ప్రతి బడినుండియు టీసీ కాక స్టడీ సర్టిఫికెటును గూడ ఆనాడే తీసికొనుడు. లెక్క చూచు ద్వారమువద్ద సంవత్సరము సంవత్సరముగా దానినే యడుగుదురు.

బకాయి ఫీజు పేర టీసీ యీయక త్రిప్పుకొను బడులు కొన్ని యుండుట మనకు దెలియనిది కాదు. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి యమలులోనున్న విద్యాహక్కు చట్టము 5వ విభాగము దీనికి సమాధానము చెప్పుచున్నది. ఎనిమిదవ తరగతివఱకు బిడ్డ బడి మాఱగోరినచో ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీ పత్ర మీయవలయును. ఆ పత్రము ఆలస్యమైనదని క్రొత్తబడివారు చేర్చుకొనుటకు ఆలస్యము చేయరాదు, నిరాకరింపరాదు. ఈ మాట తెలిసిన తల్లి బడి కార్యాలయమున నిలిచి మాటాడు తీరే వేఱుగా నుండును.

మాట వినెడి ద్వారమువద్ద

విదేశములలోని కళాశాలలును, మన దేశమున మౌఖిక పరీక్ష జరుపు కొన్ని సంస్థలును రెండవ విధమైనవి. కరీంనగరు ప్రాంతమునుండి అమెరికాకు బోయి స్థిరపడిన కుటుంబములు నేడు చాల గలవు. తండ్రి యుద్యోగము టెక్సాసునుండి న్యూజెర్సీకి మాఱినచో పిల్ల ఉన్నత పాఠశాలయు నడుమ మాఱును. అచ్చటి కళాశాలలలో వేయికి పైగా నంగీకరించు కామన్ యాప్ అను దరఖాస్తులో చదివిన యున్నత పాఠశాల లన్నింటిని వ్రాయించి, విడిచిన కారణమును గూడ నడుగుదురు. అడిగినది నేరము పట్టుటకు గాదు. ఒకబడిలో గల పాఠములు మఱియొక బడిలో నుండకపోవచ్చును. ఒకచోట నూటికి మార్కులు, ఇంకొకచోట అక్షరముల శ్రేణులు. నడుమ వచ్చిన పిల్లకు ఆటలలోను సంఘములలోను పెద్దపదవులు దొరకవు. ఇవన్నియు దెలిసినగాని ఆ పిల్ల శ్రమ వారికి అర్థము కాదు.

ఇట్టిచోట వ్రాయు మాట నాలుగైదు వాక్యములకు మించరాదు. ఎప్పుడు, ఎచ్చటినుండి యెచ్చటికి, ఏల, దానివలన చదువున కేమైనది, పిమ్మట పిల్ల యేమి చేసినది: ఈ యైదు సంగతు లుండిన జాలును. కొందఱిట్లు వ్రాయుదురు: "విధివశమున మా కుటుంబము పెక్కు కష్టములపాలై, పాతబడిలోని యుపాధ్యాయులు సరిగా జెప్పకపోవుటచే, నే ననేక దుఃఖముల ననుభవించి బడి మాఱితిని." దీనిలో తేదీ లేదు, ఊరు లేదు, నింద మాత్రమున్నది. చదువువానికి పిల్లపై జాలి కలుగునేమో గాని, నమ్మిక కలుగదు. అదే సంగతిని ఇట్లు వ్రాయవచ్చును:

"ఎనిమిదవ తరగతివఱకు హుస్నాబాదులో జదివితిని. 2022 జూనులో మా తలిదండ్రులు పనికై భివండి వెళ్లుటచే తొమ్మిదవ తరగతి యచ్చట జదివితిని. బోధనభాష మాఱుటచే ఆ యేడు గణితమున మార్కులు తగ్గినవి. 2023 జూనులో తిరిగి వచ్చి పదవ తరగతి హుస్నాబాదులో ముగించి, గణితమున మఱల మంచి మార్కులు సంపాదించితిని."

ఇందు మొఱ లేదు, గొప్పయు లేదు. తగ్గిన మార్కులను దాచలేదు. పిల్ల పట్టుదల చదువరికి దానంతట నదియే తోచును. అయితే ఈ బాలికయే మన రాష్ట్రపు ఇంజనీరింగు కౌన్సెలింగునకు బోయినచో, ఆమెకు వరుసగా మూడేండ్లే లెక్కకు వచ్చును. అచ్చట నీ చక్కని మాట యక్కఱకు రాదు. తలిదండ్రుల పదియేండ్ల నివాస పత్రమును చేతబట్టుకొని 15 స్థానముల వరుసలో నిలువవలయును. రెండు ద్వారముల భేదమును మఱవకూడ దనుట యిందులకే.

బడి మాఱుటకు గారణము ఇంటి గుట్టైనప్పుడు తల్లికి ధర్మసంకటము కలుగును. తలిదండ్రులు వేఱుపడుట, తండ్రి మరణము, దారిలో నల్లరివలన పిల్ల బడి మానుట, బాల్యవివాహమును దప్పించుటకై పిల్లను గురుకులమునకు బంపుట: ఇట్టివి మన యిండ్లలో జరుగనివి కావు. ఇచ్చట "కుటుంబ పరిస్థితులచే" నని యొక్కమాట వ్రాసిన జాలును. అది యబద్ధము కాదు. వివరము చెప్పుటయు, మానుటయు పిల్ల యిష్టము. పిల్ల యనుమతి లేక ఆమె దుఃఖమును దరఖాస్తులో బెట్టరాదు. కాని చెప్పకుండుటకును, మఱియొకటి కల్పించుటకును భేదము గలదు. కల్పించిన కారణము టీసీలోని కారణముతో సరిపడకున్నచో, నిజము చెప్పుచున్న మిగిలిన కాగితములపైనను శంక గలుగును.

తల్లి చేతిలోని పని

పురుషులు ఫీజు గట్టి సంతకము చేయుదురు. పత్రము లెచ్చట నున్నవో ఇల్లాలికే తెలియును. కావున ప్రతి బిడ్డకు నొక సంచి యేర్పఱచి, రికార్డు షీటు మొదలు ఇంటరు మెమోవఱకు వరుసగా నుంచుడు. పై యట్టమీద ఏ యేడు, ఏ తరగతి, ఏ బడి, ఏ మండలము, ఏ జిల్లా యని పట్టిక వ్రాయుడు. అసలు పత్ర మిచ్చుటకు ముందు నకలు దీసి యుంచుడు. పిల్ల యెనిమిదవ తరగతి ముగింపగానే ఆ పట్టికను ముందు బెట్టుకొని, రాబోవు నాలుగేండ్లు ఎచ్చట జదువునో యింటివారందఱు కూర్చుండి మాటాడుకొనుడు. వలస తప్పనిచో పిల్లను గురుకులమున నుంచుటయా, వెంట గొనిపోవుటయా యని యప్పుడే నిర్ణయించుకొనవచ్చును.

వీథిలో నలుగురు ననుమాట వేఱుండును. "ఆ పిల్ల మూడు బడులు దిరిగినది" యని సాగదీసి చెప్పుకొనువారు ఎల్లకాలము నుందురు. ఆ మాటకు జడిసి పిల్ల తలవంచుకొనకుండ జూచుట తల్లి పని. మూడు బడులలోను క్రొత్తపిల్లగా గూర్చుండి, క్రొత్త గురువుల మాట విని, క్రొత్త స్నేహితులను సంపాదించి, చదువు విడువక వచ్చినదని ఆమెకు జెప్పుడు. దరఖాస్తులోని యా గడిని తేదీలతో సహా ఆమె చేతనే నింపింపుడు.